అడిగిందే తడవు చెప్పేస్తుంది, అదే చిక్కు

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిందో లేదో, జనవరిలో న్యూయార్క్ నగరపు బడుల్లో దాన్ని ఆపేశారు. మే నెలకల్లా మళ్లీ రానిచ్చారు. ఆపడం ఎవరి తరం లెండి! ఇప్పుడు మన ఇళ్లల్లో ఫోనున్న ప్రతి పిల్లకీ ఇలాంటివి అందుబాటులోనే ఉన్నాయి.

మంచి లేదనను. ట్యూషన్ ఫీజు కట్టలేని తల్లికి, పిల్ల లెక్క అడిగితే "నాకు రాదమ్మా" అని తలదించుకునే తల్లికి ఇది పెద్ద అండే. పదిసార్లు అడిగినా విసుక్కోదు. క్లాసులో నోరు విప్పని పిల్ల కూడా దీన్ని ధైర్యంగా అడుగుతుంది.

కానీ వ్యాసం రాయమంటే క్షణంలో రాసిచ్చేస్తుందే, అక్కడే నా భయం. కథలు రాసేదాన్ని కనుక చెబుతున్నాను, మొదటి వాక్యం కోసం కొట్టుకున్న గంటల్లోనే నాకు ఆలోచించడం వచ్చింది. పైగా ఇది తెలియనిదాన్నీ తెలిసినట్టే దబాయిస్తుంది, లేని పుస్తకాల పేర్లు కూడా చెప్పేస్తుంది. తర్వాత ఏ మాట వస్తుందో అంచనా కట్టడమే మరి దాని పని.

2023లో ఖాన్ అకాడమీ వాళ్లు తెచ్చిన ఖాన్‌మిగోని మాత్రం నేరుగా జవాబివ్వకుండా ఎదురు ప్రశ్న వేసేలా తయారుచేశారు, మంచి మేష్టారిలా. మన పిల్లలు వాడేది అలాంటిది కాకపోతే ఆ ప్రశ్న మనమే వేయాలి. "ఏదీ, చూడకుండా నీ మాటల్లో చెప్పు" అనడానికి మనకు ఆల్జీబ్రా రానక్కర్లేదు కదా! కూర తరుగుతూనే అడగొచ్చు.