తీగ లాగితే దీపం ఆరింది

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. మా ఇంట్లో మాత్రం తీగ లాగితే దీపం ఆరిపోయింది.

మా నాన్నగారి పాత సైకిలు మీద ఇప్పుడు మా అబ్బాయి ట్యూషన్‌కి వెళ్తున్నాడు. వెనక చక్రానికి డైనమో, హ్యాండిల్‌కి హారన్, సీటు కింద దాని బ్యాటరీ డబ్బా. తీగలన్నీ రాడ్డు మీద కాకరపాదులా అల్లుకుని ఉండేవి. చూడలేక ఓ ఆదివారం కూర్చుని, కేబుల్ టైలు వేసి, వీణ తీగల్లా బిగించేశాను. మా ఆవిడ కూడా మెచ్చుకుంది.

నెల తిరక్కుండానే, చెరువుకట్ట మలుపులో వాడు హ్యాండిల్ తిప్పేసరికి దీపం ఆరింది. ఎదురుగా ట్రాక్టరు. కట్ట కిందికి దిగిపోయి, మోకాళ్లు చెక్కుకుని ఇంటికొచ్చాడు. ‘‘చూసుకుని తొక్కలేవూ?’’ అని కేకలేశాను కూడా.

మర్నాడు సైకిలు షాపు పెద్దాయన బల్బు జోలికే పోలేదు. హ్యాండిల్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి చూసి, ‘‘ఇది కట్టిందెవరు బాబూ?’’ అన్నాడు. నేను మాట్లాడలేదు. మెడ దగ్గర తీగ పైతొడుగు బాగానే ఉంది. లోపల రాగి పోగులు తెగిపోయాయి.

‘‘కదలని చోట బిగువుండాలి, కదిలే చోట వదులుండాలి’’ అంటూ అన్నీ విప్పేశాడు. బ్యాటరీ డబ్బాని హ్యాండిల్ మీదికే మార్చాడు. రాడ్డు మీద హారన్ తీగ అవసరమే లేకుండా పోయింది! దీపం తీగని కింది రాడ్డు వెంట, చైనుకీ పెడల్‌కీ దూరంగా నడిపించాడు. జానెడుకొకచోట పాత ట్యూబు ముక్క చుట్టి, దానిమీద టై వేశాడు. టై కొసల్ని మొదలంటా కోశాడు, లేకపోతే కాళ్లు గీరుకుంటాయి. ఇన్సులేషన్ టేపు వద్దన్నాడు. మన ఎండలకి జిగురు కారిపోతుంది. మెడ దగ్గర చిన్న ఉచ్చులా వదులు ఉంచి, హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూశాకే చివరి టై బిగించాడు.

ఇంకో సంగతీ చెప్పాడు. మామూలు డైనమో 6 వోల్టులు, 3 వాట్లు. అందులో 2.4 వాట్లు ముందు దీపానికి, 0.6 వాట్లు వెనక దీపానికి. ఒక్కో దీపానికి వెళ్లే తీగ ఒక్కటే. తిరుగుదారి ఫ్రేము ఇనుమే. కాబట్టి డైనమో మర రంగుని గీసుకుని ఇనుముని తాకాలి. తుప్పు పట్టినా, రంగు అడ్డొచ్చినా దీపం మిణుకుమిణుకే. ముందు బల్బు మాడితే ఆ కరెంటంతా వెనక బల్బు మీద పడి అదీ మాడుతుంది. అందుకే ఒకటి పోగానే మార్చేయాలి.

ఆ రాత్రి గేటు దగ్గర నిలబడ్డాను. వీధి మలుపులో దీపం తిరిగింది, ఆరలేదు. వాడు దిగగానే చెప్పాను... ‘‘తప్పు నీది కాదురా, నాది’’ అని. ‘‘తెలుసు నాన్నా’’ అన్నాడు వెధవ, నవ్వుతూ!