వాననీటి వ్యయ మెవ్వరిది?

ఇంటిపన్ను రసీదును దేవునిపటము వెనుక జెక్కి మఱచిపోవుట మనలో బెక్కండ్ర కలవాటు. ఆ చిన్నకాగితమునకును, వానకాలమున మన గుమ్మమునొద్ద నిలుచు మురుగునకును గల సంబంధమును గూర్చి యీ నెల ముచ్చటింప దలచితిమి. నీరు లోనికి వచ్చినచో మొదట తడియునది వంటిల్లు. జ్వరపడిన బిడ్డకడ మేలుకొని కూర్చుండునది తల్లి. కావున నీ లెక్క మన కక్కఱలేనిదని తలపరాదు.

మా రాజుపాలెము సీమకు కుందూనది కలదు. నంద్యాలవైపు కురిసిన వాన మాకు వఱదయై వచ్చును. 2019 సెప్టెంబరులో నట్లే కుందూ పొంగినది. అయితే ఏటిపొంగు వేఱు, ఊరిలోపల గురిసిన వాననీరు వేఱు. ఏటికి గట్టు గట్టుట పంచాయతీ శక్తికి మించినపని. అది రాష్ట్రప్రభుత్వము వంతు. వీధికాలువ మాత్రము పంచాయతీదే.

పూర్వు లీ వ్యయము నెట్లు భరించిరి? మన జిల్లాలోని పోరుమామిళ్ల చెఱువును 1369లో భాస్కరభవదూర మహారాజు గట్టించినట్లు శాసనము చెప్పుచున్నది. చెఱువును ద్రవ్వించినవారికిని, మరమ్మతు చేయువారికిని పన్ను తగ్గించి భూమినిచ్చు దశబంధపు టినాములు మనసీమలో నుండెడివి. కుడిమరామతు పేర రైతులు తామే పార పట్టి కాలువల పూడిక దీయుచుండిరి. గట్టు తెగనున్నప్పు డూరివారిచే బలవంతముగా బని చేయించుటకు 1858లో చెన్నరాజధానికై యొక చట్టమే పుట్టినది. ఆనాడు వఱదపన్ను రూకలతో గాక కాయకష్టముతో జెల్లుచుండెను.

ఇప్పుడు పంచాయతీకి సొంత రాబడిలో ముఖ్యమైనది యింటిపన్ను. దానికి తోడు పైనుండి వచ్చు గ్రాంటులు. 2021 మొదలు 2026 వఱకు పదునైదవ ఆర్థికసంఘము గ్రామములకు జెప్పిన పద్ధతిలో నూటికి అఱువదివంతులు పారిశుద్ధ్యమునకును, వాననీటిని నిలువచేయుటతో గూడిన త్రాగునీటి పనులకును గట్టుబడినవి. జీతములు దక్క తక్కిన యూరి యవసరములకు మిగిలినవి నలువదివంతులే. పట్టణములందు 1965 నాటి పురపాలకచట్టము ఆస్తిపన్నులోనే నీటిపన్నును, మురుగుపారుదల పన్నును భాగములుగా జేర్చినది.

వఱద వచ్చిన పిమ్మట దొరకు ధనము వేఱు. 2005 నాటి విపత్తుల చట్టముచే నేర్పడిన రాష్ట్రనిధిలో, పై 2021–26 కాలమున, మనబోటి రాష్ట్రములకు నూటికి డెబ్బదియైదు కేంద్రమును, ఇరువదియైదు రాష్ట్రమును వేయునట్లు నిర్ణయింపబడెను. విపత్తులకై కేటాయించిన ధనములో ఎనుబదివంతులు వచ్చిన యాపదకు. రాబోవు నాపదను దగ్గించుటకు ఇరువదివంతులే. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లను సామెత యిచ్చట గుర్తుకు రాకమానదు. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు గట్టు తెగి, పులపుత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములు కొట్టుకొనిపోయి, ప్రాణములే పోయినవి. పిమ్మట నెంత సాయమందినను పోయినవారు తిరిగి రారుగదా!

పన్నులో న్యాయమను మాట యింకొకటి కలదు. అమెరికాలోని బెల్వ్యూ యను పట్టణము 1974లో వాననీటికై ప్రత్యేకశాఖ నేర్పఱచి, యింటివాకిట నీరింకనీయని గట్టినేల యెంతయో చూచి రుసుము విధింప నారంభించెను. మనయూళ్లలో ఇంటిపన్ను ఇంటివిలువను జూచునేగాని, ఆ యింటినుండి వీధిలోనికి బాఱు నీటిని జూడదు. మెరకనున్న మేడవారు వాకిలియంతయు సిమెంటు చేయింతురు. ఆ నీరు పల్లమున వంకయొడ్డున నున్న గుడిసెలోనికి బోవును. మేడవారు చేసిన పనికి శిక్ష గుడిసెలోని యిల్లాలికి! గుడిసెవారిమీద భారము వేయక, గట్టినేల గలవారినుండియే కొంచెము గొనుట ధర్మమని మాకు దోచుచున్నది.

అంతవఱకు మనము చేయదగిన పనులు లేకపోలేదు. పన్ను సకాలమున జెల్లింపవలెను. చెల్లించినవారి ప్రశ్నకు బలము హెచ్చు. వానలకు ముందే, వైశాఖమాసముననే, గ్రామసభకు బోయి, “ఈయేడు కాలువల పూడికకు నెంత వ్రాసితిరి? నిరుడెంత ఖర్చయినది?” అని యడుగవలెను. మన రాష్ట్రమున పంచాయతీ స్థానములలో సగము స్త్రీలవే. అడుగువారును, చెప్పవలసినవారును మనలోనివారే కావచ్చును. పెరటిలో నొక మూల మన్నునేల విడువవలెను. ఊడ్చిన చెత్తను కాలువలో వేయరాదు. ఇంటిఖర్చు పద్దులో ఉప్పునకు, పప్పునకు లెక్క చూచు మన మాపన్ను రూపాయలకును లెక్క యడుగుట తప్పగునా?