బిడ్డ తానుగా చేస్తేనే మెదడు నేర్చుకుంటుంది

సెరిబ్రల్ పాల్సీతో ఒక పక్క చెయ్యి సరిగా రాని పిల్లలు క్రమంగా ఆ చేతిని వాడటమే మానేస్తారు. మంచి చేత్తో పని జరిగిపోతుంటే రెండోదానితో అవస్థ పడటం ఎందుకనుకుంటారు. వాడకం తగ్గేకొద్దీ ఆ చేతిని నడిపించే మెదడు భాగానికీ పని తగ్గిపోతుంది. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ టౌబ్ ఈ సంగతి పట్టుకునే చికిత్స రూపొందించారు. 2004లో వెలువడిన ఆయన బృందం అధ్యయనంలో పిల్లల మంచి చేతికి కట్టు కట్టి, బలహీనమైన చేత్తో రోజుకు 6 గంటల చొప్పున 21 రోజులు సాధన చేయించారు. చేతి వాడకం స్పష్టంగా మెరుగుపడింది. మన ఇళ్లలో అయితే బొరుగులు ఏరి గిన్నెలో వేయడం, డబ్బా మూత తీయడం, చొక్కా గుండీ పెట్టుకోవడం ఇలాంటి సాధనే. ఒకటి వచ్చీరాగానే ఇంకాస్త కష్టమైనది ఇవ్వాలి. ఇక్కడ మెదడును మార్చేది బిడ్డ సొంత ప్రయత్నం.

అందుకే బిడ్డను కదలకుండా ఉంచి చేసే ఖరీదైన చికిత్సలంటే నాకు భయం. కెనడాలో 111 మంది సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో కొందరికి అధిక పీడనంతో ఆక్సిజన్, మిగిలినవారికి కాస్త ఒత్తిడి పెంచిన మామూలు గాలి ఇచ్చి చూశారు. 2001లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ప్రకారం రెండు వర్గాలూ దాదాపు సమానంగానే మెరుగుపడ్డాయి. అలాంటి అధిక పీడన ఆక్సిజన్ గదుల కోసం, స్టెమ్‌సెల్ ఇంజెక్షన్ల కోసం అప్పులు చేస్తున్న తల్లిదండ్రులను తప్పుపట్టలేం. ఆశ చూపి డబ్బు గుంజేవాళ్లనే నిలదీయాలి. సాధనతో జబ్బు పూర్తిగా పోదు, నిజమే. కానీ అన్నం ముద్ద తానే కలుపుకోగలిగితే ఆ బిడ్డ బతుకులో అది చిన్న మార్పు కాదు.

రోజంతా చేయించే తీరిక కూలి పనికి వెళ్లే తల్లికి ఎక్కడిదని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆస్ట్రేలియాలో అయోనా నోవాక్ బృందం 2009లో ప్రచురించిన పరీక్షలో తల్లిదండ్రులు ఇంట్లో చేయించింది సగటున నెలకు 17 సార్లు, ఒక్కోసారి పావుగంటకు కాస్త పైన. 8 వారాలకే పిల్లల పనితనం పెరిగింది. బిడ్డకు ఏ పని ఇవ్వాలో థెరపిస్టు తల్లితో కూర్చుని నిర్ణయించడమే అందులో కీలకం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మన భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టు వచ్చే రోజున కాళ్లూ చేతులూ వంచి పంపడం కాకుండా ఇంటి సాధన నేర్పడానికే ఎక్కువ సమయం కేటాయించాలి. ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 24వ సెక్షన్ చెబుతోంది. ఆ భత్యం అందితే కూలి మానుకున్న పూట తల్లికి నష్టం కొంతైనా తగ్గుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ముందు ఈ రెండింటికీ బడ్జెట్‌లో డబ్బు చూపించాలి.