పసుపు జెర్సీ చూసి పర్సు తీయకండి

మొన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టరు తిరిగింది. పసుపు జెర్సీ వేసుకున్న ఆటగాడు, వెనక గచ్చిబౌలి స్టేడియం, కింద ‘అండర్-13, అండర్-15 సెలక్షన్ ట్రయల్స్’. రిజిస్ట్రేషన్‌కు 2,500 రూపాయలు. ఎంపికైతే ‘ప్రొఫెషనల్ కాంట్రాక్టు గ్యారంటీ’. అడ్రసు లేదు, ఆఫీసు నంబరు లేదు, కోచ్ ఎవరో లేదు. క్యూఆర్ కోడ్ మాత్రం పోస్టరులో మూడో వంతు ఉంది. మా పై వాటాలో ఉండే ఆయన కొడుకు ఏడో తరగతి. బంతి కాలికి తగిలితే వదలడు. ఆ రోజు సాయంత్రానికల్లా డబ్బు కట్టేద్దామనుకున్నాడు తండ్రి.

తల్లిదండ్రులూ, ముందు ఈ ఒక్క సంగతి తెలుసుకోండి. ఆ పసుపు జెర్సీ హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్‌ది. ఆ క్లబ్ ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు. 2025లో ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మార్చుకుంది, ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఆ పాత పేరు, పాత రంగు చూపించి మీ ఊళ్లో ఎవరైనా పిల్లల్ని ఎంపిక చేస్తున్నామంటే, ఖాళీ చేసి వెళ్లిన ఇంటి తాళం మీకు అమ్ముతున్నట్టే.

ఇది చాలామందికి తెలియకపోవడంలో వింతేమీ లేదు. క్రికెట్ జట్టు ఊరు మారితే నెల రోజులు టీవీల్లో చర్చలు నడిచేవి. ఫుట్‌బాల్ జట్టు మారితే లోపలి పేజీలో చిన్న వార్త వచ్చిందో లేదో. ఆరేళ్లలో ఆ జట్టు చూడనిది లేదు. 2019లో పుణె సిటీ క్లబ్ మూతపడితే, ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆ ఖాళీలోకి హైదరాబాద్ వచ్చింది. మొదటి ఏడు ఆఖరి స్థానం. ఆ తర్వాత మానొలో మార్క్వెజ్ అనే స్పెయిన్ కోచ్ చేతిలో జట్టు మారిపోయింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్, 1-1. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు మనది. నాలుగు పెనాల్టీల్లో మూడు ఆపడమంటే మాటలు కాదు. ఆ రాత్రి చూసినవాళ్లకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మరుసటి ఏడు లీగ్ పట్టికలో రెండో స్థానం. ఆ మరుసటి ఏడు, 2023-24లో, జీతాలు ఆగిపోయాయి. పాత బకాయిల మీద ఫిఫా ఆంక్షలు పెట్టింది, కొత్త ఆటగాళ్లను తీసుకోవడానికి వీల్లేకపోయింది. ఉన్న పెద్ద ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో 22 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి, వచ్చింది 8 పాయింట్లు. కప్పు ఎత్తిన రెండేళ్లకే అడుగున పడింది. యాజమాన్యం మారింది, తర్వాత ఊరే మారింది. 2019లో ఢిల్లీ తన డైనమోస్ జట్టును ఒడిశాకు పోగొట్టుకుంది. ఆ లోటు ఇప్పుడు మన జట్టుతో తీరింది.

ఈ కథంతా ఎందుకంటే, హెచ్చరిక ఒక్క దొంగ పోస్టర్లతో ఆగదు. క్లబ్ అసలుదే అయినా, ట్రోఫీ గెలిచినదే అయినా, దాన్ని నమ్మి పిల్లాడి బడి మాన్పించడం, ఊరు మారడం, అప్పు చేయడం ఈ రోజుల్లో చాలా ప్రమాదం. లీగ్ పరిస్థితే చూడండి. ఫుట్‌బాల్ సమాఖ్యకు, లీగ్ నడిపే కంపెనీకి 2010లో కుదిరిన పదిహేనేళ్ల ఒప్పందం 2025 డిసెంబరుతో ముగిసింది. కొత్తగా టెండరు పిలిస్తే ఒక్కరూ ముందుకు రాలేదు. మామూలుగా సెప్టెంబరులో మొదలు కావాల్సిన సీజన్ 2026 ఫిబ్రవరి దాకా కదల్లేదు. మధ్యలో కొన్ని క్లబ్బులు జీతాలే నిలిపేశాయి. పేరున్న ఆటగాళ్ల గతే అలా ఉంటే, పదమూడేళ్ల పిల్లాడికి ‘గ్యారంటీ’ ఎవరిస్తారు?

ఆ మాట వినిపించగానే లేచి వచ్చేయండి. ఫిఫా నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాడితో మూడేళ్లకు మించి ప్రొఫెషనల్ కాంట్రాక్టు రాయించుకోకూడదు. ‘పదేళ్ల బాండు’ అన్నవాడికి ఆట తెలియదు, లేదా మీకు తెలియదనుకుంటున్నాడు. విదేశీ క్లబ్‌కు పంపిస్తామంటే ఇంకా జాగ్రత్త. కొద్దిపాటి మినహాయింపులు తప్ప, పద్దెనిమిది దాటనిదే దేశాల మధ్య బదిలీ కుదరదు. ఏజెంటునని చెప్పుకునేవాడిని ఫిఫా లైసెన్సు చూపించమనండి. మైనరు విషయంలో తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా వాడు మీ అబ్బాయితో మాట్లాడటానికే లేదు.

క్లబ్ నిజమైనదో కాదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పోటీల్లో ఆడే ప్రతి ఆటగాడి పేరూ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య రిజిస్ట్రేషన్ వ్యవస్థలో, ఒక ఐడీతో ఎక్కుతుంది. గుర్తింపు ఉన్న అకాడమీల జాబితా కూడా సమాఖ్య దగ్గర ఉంటుంది. మీ రాష్ట్ర ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు ఒక ఫోన్ చేస్తే సరిపోతుంది. హైదరాబాద్‌లో అసలు క్లబ్బులే లేవని కాదు. ఐ-లీగ్‌లో 2022-23, 2023-24ల్లో వరుసగా రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధి డెక్కన్ ఈ నగరానిదే. ఏ క్లబ్ పేరు వాడినా సరే, పోస్టరు మీది నంబరుకు కాకుండా ఆ క్లబ్ సొంత ఆఫీసుకు చేసి అడగండి. హాస్టల్ ఉన్న అకాడమీ అయితే ఒకసారి చెప్పకుండా వెళ్లండి. పిల్లలు పడుకునే గది, వంటిల్లు, బడికి పంపుతున్నారా లేదా, దెబ్బ తగిలితే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, ఇవి కళ్లారా చూడండి. ఆధార్, జనన ధ్రువపత్రం ఒరిజినల్స్ మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకండి. కాగితాలు వాళ్ల దగ్గరుంటే పిల్లాడు కూడా వాళ్ల దగ్గరున్నట్టే.

ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి జారిపోకముందే ఆపే వీలు అంత ఎక్కువ. రేపు చేద్దాంలే అనుకుంటే ఆ వీలు పోయినట్టే.

ఇదంతా పిల్లల్ని ఆట మాన్పించమని కాదు. అయిదుసార్లు వరుసగా, 1950 నుంచి 1954 దాకా, రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఈ ఊరిది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం 1962లో జకార్తాలో దేశానికి ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చిపెట్టాడు. ఇక్కడి పిల్లాడు బూట్లు కట్టుకుని కలలు కనడంలో తప్పేముంది? ఆ కలకు రేటు కట్టేవాళ్లతోనే గొడవంతా.

మా పై వాటా ఆయన ఆ సాయంత్రం డబ్బు కట్టలేదు. పోస్టరు మీది నంబరుకు రెండే ప్రశ్నలు మెసేజ్ పెట్టాడు. మీ క్లబ్ ఏ అసోసియేషన్‌లో రిజిస్టరైంది? ట్రయల్స్ ఏ గ్రౌండులో? నీలం టిక్కులు పడ్డాయి. పావుగంట తర్వాత చూస్తే ఆ నంబరుకు ప్రొఫైల్ ఫొటో కనపడటం మానేసింది. కాలనీ గ్రూపులో పోస్టరు మాత్రం ఇంకా ఉంది. దాని కింద నలుగురు ‘కట్టేశాం’ అని బొటనవేలు గుర్తు పెట్టారు.