ఇల్లు కట్టుటకు ముందు వీధిని కొలువుడు



గడచిన కొన్ని వారములుగా ఈ పత్రికయందలి పాఠకుల లేఖలను శ్రద్ధతో చదువుచున్నాను. ఒకరు తమ వీధిలో కారు నిలుపుకొనుటకు చోటు లేదని వాపోయిరి. మఱొకరు చెత్తబండి రాక దుర్గంధముతో వేగుచున్నామని వ్రాసిరి. వేఱొకరు రాత్రివేళ పోలీసుల గస్తీ సన్నగిల్లెనని విన్నవించిరి. ఇంకొకరు సందుసందునను లేచుచున్న నూతన భవనములను గూర్చి కలవరపడిరి. ఈ నాలుగు మొరలును ఒక్క వ్యాధియొక్క నాలుగు లక్షణములే యనియు, వీధిని కొలువక ఇండ్లు కట్టనిచ్చుటయే ఆ వ్యాధి యనియు మనవి చేయుటకై ఈ లేఖ వ్రాయుచున్నాను.

నేను హైదరాబాదు నగరమునకు పడమట, హౌసింగ్ బోర్డువారు కట్టిన కాలనీలలో ఒకదానియందు 40 ఏండ్లుగా నివసించుచున్న విశ్రాంత ఉపాధ్యాయుడను. అల్ప, మధ్య, అధికాదాయ వర్గముల ఇండ్లను సూచించు ఎల్.ఐ.జి., ఎమ్.ఐ.జి., హెచ్.ఐ.జి. అను పొడి అక్షరములు మాకు ఇంటిపేర్లవలె అలవడినవి. అల్పాదాయ వర్గపు ఇంటిలో ఒక కుటుంబము, ఒక సైకిలు, మిక్కిలి యైనచో ఒక స్కూటరు ఉండునని తలచి, ఆనాటి ఇంజనీరులు వీధుల వెడల్పును, మురుగుకాలువల పరిమాణమును నిర్ణయించిరి. ఆ లెక్కలో దోషము లేదు. లెక్కను అట్లే యుంచి ఇండ్లను మాత్రము పెంచుకొనిపోవుటలో దోషమున్నది. ఒక్క అంతస్తున ఒక్క కుటుంబముండిన చోట నేడు అంతస్తునకు రెండేసి పోర్షన్లు వెలసినవి; ప్రక్కప్రక్క స్థలములు రెండు మూడు కలిసి ఒక అపార్టుమెంటుగనో, హాస్టలుగనో మాఱినవి. వీధి మాత్రము అంగుళమైనను పెరుగలేదు.

చట్టము లేక ఈ దుస్థితి కలిగెనా యనగా అదియు గాదు. మిక్కిలి చిన్న ఇండ్లను మినహాయించి, తక్కిన భవనములలో పదవవంతును నగరపాలక సంస్థకు తనఖాగా ఉంచవలెననియు, ప్లానునకు లోబడి కట్టినట్లు రుజువై నివాసయోగ్యతా ధ్రువపత్రము లభించిన పిమ్మటనే ఆ తనఖా విడుదల కావలెననియు 2012 నాటి భవననిర్మాణ నియమములు విధించినవి. వాహనములకై చూపిన చోటును అన్యప్రయోజనమునకు వాడినచో ఆ కట్టడమును వెంటనే తొలగింపవలెనని కూడ అవియే చెప్పుచున్నవి. కాని సాయంకాలము మా కాలనీలో నడచిచూచిన వారికి, ప్లానులో స్టిల్టు (వాహనములు నిలుపు క్రిందిభాగము) అని గీచిన చోట కిరాణాకొట్టో, జిరాక్సు దుకాణమో, కర్రీ పాయింటో, హాస్టలు భోజనశాలయో కానవచ్చును. అచట నిలువవలసిన కారు వీధిలో నిలుచును. ఆ కారు యజమానిని నిందించి ప్రయోజనము లేదు. ఫ్లాటుతోబాటు కాగితముమీద కొనిన చోటు అతనికి దక్కనే లేదు.

ఇరుప్రక్కల కారులు నిలిచిన పిమ్మట సందులో మిగులు దారి యెంత? పోయిన వేసవిలో ఒక రాత్రి మా పొరుగింటి పెద్దాయనకు గుండెనొప్పి వచ్చినపుడు, 108 వాహనము పిలిచిన కొలదిసేపటికే వచ్చెను గాని సందు మొగలోనే నిలిచిపోయెను. ఆయనను స్ట్రెచరుపై పరుండబెట్టి, అద్దములు తగులకుండ కారులనడుమ ఓరగా అడుగులు వేయుచు, మేము నలుగురము మోసికొనిపోతిమి. దైవకృపవలన ఆయన బ్రతికెను. అగ్నిప్రమాదమే సంభవించియుండినచో ఫైరింజనును మేము భుజములపై మోసికొని రాజాలము గదా!

ప్రాణము నిలుపు బండికే లేని దారి చెత్తబండికి ఎట్లుండును? స్వచ్ఛ ఆటో సందు చివర నిలిచి, పాట వినిపించి, మూడవ అంతస్తువారు దిగివచ్చులోపలనే కదలిపోవును. అంతట సంచి కరెంటు స్తంభము మొదటికి చేరును. కుక్కలు దానిని చీల్చును. 2015లో ఇంటింటికిని పంచిన ఆకుపచ్చ, నీలి బుట్టలలో తడి చెత్తను, పొడి చెత్తను ఓపికతో వేఱుచేసిన ఇల్లాలి శ్రమ ఒక్కక్షణమున వ్యర్థమగును. కూరగాయల తొక్కులతో నానిన అట్టపెట్టె కాగితపు మిల్లునకు పనికిరాదు. అన్నము మెతుకులంటిన పాలప్యాకెట్టును పాతసామానులవాడు ముట్టడు. ఇంటివద్దనే వేఱుచేయవలెనని 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు విధించినది ఇందులకే. వేఱుగాని చెత్త నగర శివార్లలోని జవహర్‌నగరు చెత్తగుట్టను చేరినది. ఆ గుట్టనుండి ఊరిన మురుగు మల్కారం చెరువును పాడుచేసినది. మా సందులో అడ్డుపడిన దోషము ఎచటనో వేఱొక ఊరివారి చెరువులో తేలినది.

ఇక పోలీసుల మాట. అపాయము గాని, అడ్డంకి గాని కలుగునట్లు వాహనమును నిలుపరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 122వ సెక్షనును, అట్టిదానిని తొలగింపవచ్చునని 127వ సెక్షనును చెప్పుచున్నవి. కాని నిలుపుటకు చోటే లేని వీధిలో చలానా శిక్షగా ఉండక నెలసరి అద్దెవలె పరిణమించును. గేటుకు అడ్డముగా బండి పెట్టెనను తగవులు తీర్చుటతోనే బీటు కానిస్టేబులు పొద్దు చెల్లిపోవుచుండ, వేకువన నడకకు పోవు స్త్రీల మెడలోని గొలుసులను, హాస్టలు పిల్లల ల్యాప్‌టాపులను కాచు తీరిక ఆయనకు ఎక్కడిది? పోలీసుల ‘నేను సైతం’ పథకము క్రింద కాలనీవారము చందాలు వేసికొని సీసీ కెమెరాలు పెట్టించుకొంటిమి. కెమెరా దొంగను చూపగలదు గాని గస్తీ తిరుగజాలదు.

నూతన గృహములను అడ్డగింపవలెనని నేను కోరుచున్నట్లు ఎవరును తలపకుందురు గాక. నేనును ఒకనాడు పల్లె విడిచి వచ్చినవాడనే. ఖమ్మమునుండి, అనంతపురమునుండి, అమలాపురమునుండి కోచింగుకై, కొలువుకై వచ్చు బిడ్డలకు నీడ కావలయును. ఇండ్లు తగ్గినచో అద్దెలు పెరిగి, ఆ భారము వారి తల్లిదండ్రులపైననే పడును. 2017 నవంబరులో మియాపూరునుండి మెట్రో రైలు నడచుట మొదలైన పిమ్మట, కారు లేకయే బ్రతుకగలవారు ఆ దారి వెంబడి నివసించుట నగరమునకు మేలే. నేనడుగునది, కట్టు ప్రతి ఇల్లును తన బరువును తానే మోయవలెనని.

కావున నా మనవులు మూడు. మొదటిది, నివాసయోగ్యతా ధ్రువపత్రము నిచ్చుటకు ముందు, తనఖా విడుచుటకు ముందు, కాలనీ సంక్షేమ సంఘమువారి సమక్షమున స్టిల్టును తనిఖీ చేయవలెను; మంజూరైన ప్లానును భవనము ముందు అందఱకు కనబడునట్లు నిలుపవలెను. ఇందులకు తోడు, జపానులో 1962 నాటి చట్టము ననుసరించి, కారు కొనువాడు దానిని నిలుపుటకు వీధి గాక వేఱు చోటు తనకు కలదని పోలీసు ఠాణానుండి ధ్రువపత్రము తెచ్చుకొనవలెను. మన ప్రభుత్వమును ఆ పద్ధతిని పరిశీలింప వేడుచున్నాను. రెండవది, ఇఱుకు సందులలో గీత గీచి ఒక్క ప్రక్కనే వాహనములను నిలుపనీయవలెను. స్వచ్ఛ ఆటో వచ్చు వేళను ప్రకటించి, ఆ వేళకు దారిని విడిపింపవలెను. మూడవది, 3 లక్షలు గాని అంతకు మించి గాని జనాభా గల పురములలో వార్డు కమిటీలుండవలెనని రాజ్యాంగమునకు జరిగిన 74వ సవరణ చెప్పియున్నది గనుక, ఆ స్ఫూర్తితో టౌన్ ప్లానింగు, పారిశుద్ధ్యము, పోలీసు శాఖలవారు నెలకొకమారు మాతో ఒకే బల్ల చుట్టును కూర్చుండవలెను. ఒకరి పొరపాటు మఱొకరి పనికి ఎట్లు అడ్డుపడుచున్నదో అపుడే తెలియవచ్చును.

ఇతరులను అడుగుటకు ముందు నేను చేయవలసినది యొకటి యుండెను. నా గేటు ముందు వీధిలోనికి చొచ్చుకొనివచ్చిన సిమెంటు ర్యాంపును 20 ఏండ్ల క్రిందట నేనే కట్టించితిని. ఆ రాత్రి స్ట్రెచరును మోయుచుండగా నా కాలు తట్టుకొనినది ఆ ర్యాంపునకే. మఱునాడు మేస్త్రీని పిలిపించి దానిని కొట్టించితిని. రెండడుగుల నేల వీధికి తిరిగి వచ్చినది. ప్రతి గుమ్మము ముందరి ఆ రెండడుగులును, ప్రతి భవనము క్రిందను మఱుగుపడిన ఆ చోటును ఇట్లే తిరిగి రాగలవని విశ్వసించుచు సెలవు గైకొనుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
హౌసింగ్ బోర్డు కాలనీ నివాసి యొకడు,
హైదరాబాదు.