బీప్‌మనేలోపు స్క్రీన్ చూశారా?

వాట్సాప్‌లో ఏడాదికి నాలుగైదుసార్లు నా దగ్గరికి తిరిగొచ్చే వీడియో ఒకటుంది. మీకూ వచ్చే ఉంటుంది. కిటకిటలాడే బస్సు. ఒకడి చేతిలో స్వైపింగ్ మెషిన్. ముందున్నాయన వెనక జేబుకి దాన్ని మెల్లగా ఆనిస్తాడు. బీప్! ఐదు వేలు మాయం. కింద ఎర్ర అక్షరాల్లో ‘వెంటనే అందరికీ పంపండి’ అని ఉంటుంది. ఈసారి పంపింది మా పిన్ని కూతురు. కొత్తగా ఉద్యోగంలో చేరింది, జీతం ఖాతాతో పాటు ట్యాప్ చేసే డెబిట్ కార్డు కూడా వచ్చింది. “అన్నయ్యా, ఇది వాడొచ్చా? కత్తిరించి పారేయనా?” అని అడిగింది.

కత్తిరించొద్దు అన్నాను. ఎందుకొద్దో చెప్పడానికి మాత్రం అరగంట పట్టింది. ఈ వారం కాలమ్ ఆ అరగంటే అనుకోండి.

కార్డు మీద వైఫై గుర్తుని పక్కకి తిప్పినట్టు నాలుగు వంపు గీతలుంటే అది ట్యాప్ కార్డు. లోపల చిప్పుకి తోడుగా ఒక సన్నటి తీగ చుట్ట ఉంటుంది. కార్డులో బ్యాటరీ ఉండదు. షాపులో మెషిన్ వదిలే రేడియో తరంగాల నుంచే చిప్పుకి కావలసిన కాస్త కరెంటూ అందుతుంది. అందుకే మెషిన్‌కి నాలుగైదు సెంటీమీటర్ల దగ్గరకి తెస్తే తప్ప అది పలకదు. పలికినప్పుడు కూడా ఆ ఒక్క చెల్లింపుకే పనికొచ్చే కోడ్‌ని తయారుచేసి ఇస్తుంది. మధ్యలో ఎవడైనా ఆ కోడ్ పట్టుకున్నా మళ్లీ వాడలేడు. పాత కార్డుల వెనక ఉండే నల్లటి పట్టీ అలా కాదు. ఎన్నిసార్లు గీసినా ఒకటే సమాచారం. దాన్ని కాపీ చేసి నకిలీ కార్డులు తయారుచేసిన ముఠాల గురించి మన పేపర్లలో ఎన్ని వార్తలు చదవలేదు? గీకడం కంటే ట్యాప్ చేయడమే నయం అని నేననేది ఇందుకే.

మరి బస్సులో దొంగ సంగతేంటి? అసలు జరగనే జరగదని నేననను. కానీ వాడి కష్టాలు కూడా ఒకసారి ఆలోచించండి. స్వైపింగ్ మెషిన్ కావాలంటే వ్యాపారి పేరుతో ఖాతా ఉండాలి, ఆధారాలివ్వాలి. కొట్టేసిన డబ్బు నేరుగా వాడి జేబులోకి రాదు, ఆ ఖాతాలోకే పోతుంది. మీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, అందులో వాడి దుకాణం పేరుంటుంది. దొంగతనం చేసి రసీదు ఇచ్చి పోయినట్టు! పైగా పర్సులో రెండు మూడు ట్యాప్ కార్డులు ఒకదానిమీద ఒకటుంటే మెషిన్ తికమకపడి ‘ఒక్క కార్డే చూపించండి’ అంటుంది. ఇంత కష్టం కంటే పర్సు కొట్టేయడం వాడికి తేలిక. తరంగాలు చొరబడని పర్సులంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా, వాళ్లకి ఈ వీడియోని మించిన ప్రకటన లేదు. తోలు నచ్చితే కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఒక్క అనుమానంలో మాత్రం కాస్త నిజముంది. ఎన్ఎఫ్‌సీ ఉన్న ఫోన్‌ని కార్డుకి దగ్గరగా పెట్టి దాని నంబరు, గడువు తేదీ చదవొచ్చు. వెనక ముద్రించిన మూడంకెల సీవీవీ రాదు, పిన్ రాదు. మన దేశంలో సైట్లు ఓటీపీ అడుగుతాయి కాబట్టి ఆ రెంటితో పెద్దగా పనిలేదు. కానీ విదేశీ సైట్లలో ఓటీపీ అడగనివి ఉన్నాయి. అసలు చూసుకోవాల్సింది అక్కడ. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక నియమం పెట్టింది: కొత్త కార్డు మన దేశంలోని ఏటీఎంలలో, షాపు మెషిన్లలో మాత్రమే పనిచేసేలా ఇవ్వాలి. ఆన్‌లైన్, విదేశీ, ట్యాప్ చెల్లింపులు కావాలంటే మనమే ఆన్ చేసుకోవాలి. వద్దనుకుంటే ఏ అర్ధరాత్రైనా ఆపేసే సదుపాయం, పరిమితి తగ్గించుకునే సదుపాయం బ్యాంకు ఇవ్వాలి. మీ బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలోకెళితే ఈ మీటలు వరసగా కనిపిస్తాయి. మా చెల్లి కార్డులో విదేశీ చెల్లింపుల మీట ఆన్‌లో ఉంది. ఎవరు నొక్కారంటే తనకీ తెలీదు. కార్డు యాక్టివేట్ చేసేటప్పుడు అడిగినవాటన్నిటికీ ‘సరే’ కొట్టుకుంటూ పోయి ఉంటుంది, మనందరిలాగే.

ఇక నాకు నిజంగా గుబులు పుట్టించే సంగతి. పిన్ లేకుండా ట్యాప్ చేయగలిగే పరిమితి మొదట 2,000 రూపాయలుండేది. 2021 జనవరి 1 నుంచి 5,000 చేశారు. కార్డు ఎక్కడైనా పారేసుకున్నామే అనుకోండి, దొరికినవాడికి పిన్ తెలియాల్సిన పని లేదు. ఒక షాపులో ట్యాప్ చేసి, పక్క షాపుకి వెళ్లి మళ్లీ ట్యాప్ చేయొచ్చు, మీ బ్యాంకు పెట్టిన రోజువారీ పరిమితి అడ్డుపడేదాకా. ఆ రోజువారీ పరిమితి ఎంతో తెలుసా అని మొన్న ఆఫీసులో ఆరుగుర్ని అడిగాను. ఒక్కరికీ తెలీదు.

రెండోది ఇంకా మామూలు విషయం. దొంగ కూడా అక్కర్లేదు. మా స్నేహితుడొకడు పెట్రోలు బంకులో 480 రూపాయలకి పోయించుకున్నాడు. పనబ్బాయి హడావిడిలో ఒక సున్నా ఎక్కువ నొక్కాడు. 4,800. ఐదు వేల లోపే కాబట్టి మెషిన్ పిన్ అడగలేదు. మావాడు హెల్మెట్ కూడా తీయకుండా కార్డు ఆనించాడు, బీప్‌మంది, బండి తీశాడు. మెసేజ్ చూసుకునేసరికి సాయంత్రమైంది. బంకువాళ్లు మంచివాళ్లు, లెక్క చూసి మర్నాడే ఒప్పుకున్నారు. డబ్బు ఖాతాలో పడేసరికి మాత్రం వారం దాటింది. నెలాఖరు వారం. పిన్ కొట్టే రోజుల్లో ఏం జరిగేదంటే, మెషిన్ మన చేతికిచ్చేవాళ్లు, నాలుగంకెలు నొక్కేముందు పైన అంకె ఎలాగూ కంటపడేది. ట్యాప్ మిగిల్చిన ఆ మూడు నాలుగు క్షణాలతో పాటు ఆ చూపు కూడా పోయింది. మెషిన్‌ని మనవైపు తిప్పమని అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ఎందుకండీ? డబ్బు మనది కదా!

ట్యాప్ పద్ధతిలోనే మోసాలు లేవా అంటే, ఉన్నాయి. 2024 ఆగస్టులో ఈసెట్ అనే సైబర్ భద్రతా సంస్థ ‘ఎన్‌గేట్’ గురించి బయటపెట్టింది. చెక్ రిపబ్లిక్‌లో జరిగింది. బాధితులకి ముందు పన్ను రిఫండు పేరుతో మెసేజ్, తర్వాత బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోను. మీ ఖాతా ప్రమాదంలో ఉంది, ఈ యాప్ వేసుకోండి, పిన్ మార్చుకోండి, కార్డుని ఫోన్ వెనక ఆనించండి అని చెప్పారు. ఆనించగానే ఆ ఫోన్ కార్డు మాటల్ని నేరుగా మోసగాడి ఫోన్‌కి చేరవేసింది. వాడు ఏటీఎం ముందు నిలబడి, తన ఫోన్‌నే కార్డులా చూపించి డబ్బు తీసుకున్నాడు. గమనించారా? కార్డుని ఫోన్‌కి ఆనించిందీ, పిన్ చెప్పిందీ కార్డు సొంతదారే. నాలుగు సెంటీమీటర్ల గోడని వాడు బద్దలు కొట్టలేదు, మనచేతే తలుపు తీయించాడు. బస్సు వీడియో పంపే వాళ్లెవరూ దీని గురించి పంపరు.

మా చెల్లితో ఆరోజు ఫోన్‌లో చేయించింది చిన్న పనే. విదేశీ మీట ఆపించాను. ట్యాప్ పరిమితి తగ్గించమన్నాను. టిఫిన్లకి, మందులకి, పెట్రోలుకి వెయ్యి చాలు అంది, అక్కడే పెట్టింది. అంతకు మించితే పిన్ కొడుతుంది, కొంప మునిగిపోదు. ప్రతి చెల్లింపుకీ మెసేజ్ వచ్చేలా ఉందో లేదో కూడా చూసుకుంది. దేనికంటే, 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో అంతా ఆ మెసేజ్ వచ్చిన దగ్గర్నుంచే లెక్క. తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా మూడోవాడి వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి చెబితే మన నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు రోజులైతే మామూలు సేవింగ్స్ ఖాతాలో గరిష్ఠంగా 10,000 దాకా మనమే భరించాలి. ఫిర్యాదు చేశాక ఇంకా డబ్బు పోతే ఆ భారం బ్యాంకుది. కాబట్టి కార్డు కనబడకపోతే ముందు యాప్‌లో బ్లాక్ చేయండి, వెతుక్కోవడం తర్వాత. మోసమని తేలితే బ్యాంకుతో పాటు 1930కి కూడా ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి, బ్యాంకులో మొదట అడిగేది అదే.