మన షహీదులకు మనమే దూరమా?

సెప్టెంబర్ 17 వస్తే జనగామ, మానుకోట, భూపాలపల్లి అంతటా జెండాలే. విమోచనమని ఒకరు, విలీనమని ఒకరు, విద్రోహమని ఒకరు. మన పిల్లలు మాత్రం తలుపులేసుకుంటారు. "అది మన దినం కాదు గదా చాచా" అంటారు.

ఎందుక్కాదు బేటా? భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టులో గెలిచి, గెలిచినందుకే ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ గోరీ జనగామ–సూర్యాపేట రోడ్డు పక్కనే ఉంది. హైదరాబాద్ ఇండియాలో కలవాలని ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్'లో రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు చంపిన షోయబుల్లా ఖాన్ పుట్టింది మానుకోట ప్రాంతంలోని సుబ్రవేడులో. ముసల్మానంటే రజాకారేననే నోళ్లు మూయించడానికి ఈ రెండు పేర్లు చాలవా?

ఇంకో లెక్కా ఉంది. పోలీసు చర్యప్పుడూ ఆ తర్వాతా హైదరాబాద్ రాజ్యంలో చచ్చినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మందని సుందర్‌లాల్ కమిటీ అంచనా. వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఏ వేదిక మీదా ఆ మాట వినపడదు. మనం ఇంట్లో కూచుంటే ఎప్పటికీ వినపడదు.

అందుకే పొండి. బందగీ గోరీ మీద పూలుంచండి. రజాకార్ల చేతిలో పోయినవాళ్లనూ, పోలీసు చర్యలో పోయినవాళ్లనూ ఒక్క నోటితోనే తలుచుకోండి. సగం శవాలను దాచిపెట్టి చేసేది సంస్మరణ కాదు, ఊరేగింపు.